చరిత్రజ్ఞానము – క్రైస్తవ విశ్వాసము



ఉదయగిరి, ఆత్మకూరు సీమలయందలి పెద్దలకు శాసనముల విలువ నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును గజపతినుండి గైకొని, అచటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయెనని మనము వినియున్నాము. ఆ మాటను విజయనగరమందలి కృష్ణాలయ శాసనము ధ్రువపఱచుచున్నది. మన జిల్లా శాసనములను బటర్వర్తుగారును, వేణుగోపాల చెట్టిగారును సేకరించి, 1905లో మూడు సంపుటములుగ ప్రకటించిరి. అందు మన రెండు తాలూకాల శాసనములును గలవు. ఏ శకమున, ఏ రాజు ఏలుబడిలో, ఎవరు, ఎచట, ఏమి యిచ్చిరో తెలుపుట శాసనముల పద్ధతి.

ఈ పద్ధతి నెఱిగినవారు లూకా సువార్త మూడవ అధ్యాయమును చదువవలెను. యోహాను బోధింప నారంభించిన కాలమును జెప్పుటకై లూకా, తిబెరి చక్రవర్తి ఏలుబడి పదునైదవ యేడనియు, యూదయకు పిలాతు, గలిలయకు హేరోదు అధిపతులనియు, ప్రధానయాజకులు ఫలానావారనియు వరుసగ వ్రాసెను. ఇది కాలము, చోటు లేని కథ చెప్పువాని తీరు కాదు. తాను మొదటినుండి సంగతులను విచారించితినని గ్రంథారంభముననే ఆయన చెప్పుకొనెను. విచారణకు జంకువాడు తేదీ వేయడు గదా!

1961లో కైసరయ పట్టణపు శిథిలములలో, ప్రాచీన నాటకశాల మెట్లలో వాడబడిన యొక ఱాయి దొఱకెను. దానిపై తిబెరి పేరును, పిలాతు పేరును లాటిను భాషలో చెక్కబడియున్నవి. మన యూళ్లలో శాసనపు ఱాళ్లు గడపలలో ఇమిడియుండుట చూచినవారికి ఇది వింతగ తోచదు. అయితే ఆ ఱాయి పిలాతు ఉండెనని మాత్రమే చెప్పును. క్రీస్తు లేచెనని చెప్పదు. చరిత్ర మనలను వాకిటివఱకు తెచ్చును. లోపల అడుగుపెట్టుట విశ్వాసము పని. ఈ హద్దు నెఱిగినవాని భక్తి ప్రశ్నలకు బెదరదు.

ఇక మన యింటి చరిత్రకు వచ్చెదను. అమెరికా బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరు చేరిరి. ఫలము కానరానందున, 1853లో ఈ పనిని మానుకొందమా యని అమెరికాలో చర్చ జరిగెను. జూయెట్‌గారు మాత్రము విడువనొల్లరైరి. తరువాత ఉదయగిరియందును, ఆత్మకూరునందును ఆ మిషను స్థానములు వెలసెను. 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము. మన పెద్దలు దానినే ధాత కఱవనిరి. నాడు నెల్లూరు జిల్లాలోనిదైన ఒంగోలునందు క్లౌగారు, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు గైకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లికడ, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

“కూటికొఱకు మతము మాఱినవారే గదా?” యని నేటికిని కొందఱడుగుదురు. మన పిల్లలును అడుగుదురు. ఈ ప్రశ్నకు కోపగించుట తగదు; తల వంచుకొనుటయు తగదు. విచారింపవలెను. క్షామ సహాయము జరుగుచున్న కాలమున క్లౌగారు పదునైదు మాసములు బాప్తిస్మములను నిలిపియుంచిరి. కఱవునకు పదేండ్ల ముందే, 1866లో, మాదిగ కులజుడైన ఎఱ్ఱగుంట్ల పేరయ్య, యోగమార్గమున దైవమును వెదకి వెదకి, క్రీస్తును ఆశ్రయించి, ఊరూర తనవారికి బోధించెను. కావున విత్తనము కఱవుకంటె ముందే పడినది. అయినను, ఆకలియు, తరతరముల తిరస్కారమును ఆ జనుల హృదయములను కదల్పలేదని నే ననను. ఆకలివేళ అన్నము పెట్టి, మనిషిని మనిషిగ నెంచినవాని మాట వినుట నేరమా? ఉన్నదానిని దాచిన విశ్వాసము బలపడదు.

పెద్దలారా, మీ తాతలలో మొదట ఎవరు నమ్మిరి? ఏ యేట? ఎవరి నోటి బోధవలన? అందువలన ఏ బంధువులను, ఏ జీవనమును కోల్పోయిరి? పేరయ్య మొదలగు వృద్ధుల నోట విన్న సంగతులను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు 1899లో గ్రంథముగ ప్రకటించిరి. మీరును మీ యెఱిగినదానిని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. చూచినది వేఱుగ, విన్నది వేఱుగ వ్రాయుడు. చెప్పినవారి పేరును వ్రాయుడు. కీడును, కలహమును విడువకుడు. తాతల విశ్వాసము ఎట్టి శోధనకు నిలిచెనో తెలిసికొన్ననాడు, అది ఆస్తివలె మీకు సంక్రమించినది మాత్రమే కాక, మీరు ఎఱిగి చేపట్టినది యగును.