సాలార్‌జంగ్ వస్తువులు వాటాలకు పోలేదు

మొన్న సంక్రాంతి సెలవులకు మనవలు వస్తే ఇంటిల్లిపాదీ హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చాం. పిల్లలు గడియారం ముందు నుంచి లేవరు. బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళ్ళేదాకా అక్కడే! మా కోడలు మేలిముసుగు రెబెకా దగ్గర ఆగిపోయింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు.

నాబోటి గుమాస్తాకు మాత్రం వస్తువులకంటే వాటి దస్త్రమే ఆసక్తి. 1912 నుంచి సుమారు రెండున్నరేళ్ళు నిజాముకు దివానుగా చేసిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, ఆ తర్వాత సేకరణకే జీవితం వెచ్చించారు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో కన్నుమూశారు. సంతానం లేని ఆస్తి, హక్కుదారులేమో పలువురు. ఇలాంటి ఫైళ్ళు ఎన్నేళ్ళు నడుస్తాయో, ఆఖరుకు ఏమవుతాయో మన మిత్రులకు చెప్పనక్కరలేదు. వాటాలు పడి ఉంటే రెబెకా ఒక ఇంటికి, గడియారం ఇంకో ఇంటికి, అక్కడినుంచి వేలానికి పోయేవి.

అలా జరగలేదు. వారి దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1958లో వారసులు రాజీపత్రం రాసుకున్నారు. హైకోర్టు డిక్రీతో సేకరణ మొత్తం ప్రభుత్వానికి దఖలు పడింది. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో అన్నీ మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి చేరాయి.

దివాన్ దేవిడీ మాత్రం మిగలలేదు. ఆ చోట ఇప్పుడు బట్టల దుకాణాలు.