ప్రాగ్ నగరపు చీకటి కథలు

పాత నగరాలన్నింటికీ రెండేసి చరిత్రలుంటాయి. ఒకటి శాసనాల్లోను, పురసభ దస్తావేజుల్లోను ఉంటుంది. రెండోది జనం నోళ్ళలో ఉంటుంది. మొదటిది నిజమనీ, రెండోది అబద్ధమనీ తీర్పు చెప్పి లేచిపోవడం చాలా తేలిక. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో ఈ అలవాటు కొంత ఎక్కువే. దయ్యం కథ కనిపించగానే మూఢనమ్మకమని ముద్ర వేసి పక్కకు తప్పుకుంటాం. కాని దయ్యం అబద్ధమైనా, దయ్యాన్ని తలచుకొని వణికిన మనిషి అబద్ధం కాడు. అతని భయానికి కారణమూ అబద్ధం కాదు.

స్థలపురాణాలూ కైఫీయతులూ పాఠం చెప్పేటప్పుడు నేను విద్యార్థులకు మూడు ప్రశ్నలు ఇస్తుంటాను. ఈ కథ ఎప్పుడు పుట్టింది? ఎవరు చెప్పారు? ఎవరికి పనికివచ్చింది? ఈ ప్రశ్నలకు లొంగని గాథ లేదని నా అభిప్రాయం. చీకటి కథలకు పేరుమోసిన ప్రాగ్ నగరాన్ని తీసుకొని ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ప్రాగ్ పాత పట్టణపు చావడిలో పురసభా భవనం గోడకు ఒక ఖగోళ గడియారం ఉంది. గంట గంటకూ దాని పక్కన నిలబడ్డ అస్థిపంజరం తాడు లాగుతుంది. దానిమీద ఒక కథ ఉంది. హనూష్ అనే పనివాడు ఆ గడియారాన్ని చేశాడు. అలాంటిది మరో నగరానికి చేసిపెడతాడేమోనని పురసభ పెద్దలు మనుషుల్ని పంపి, అతని కళ్ళు పొడిపించారు. గుడ్డివాడైన హనూష్ ఆఖరి రోజుల్లో గడియారం దగ్గరికి తడుముకుంటూ వచ్చి, యంత్రంలో చెయ్యి పెట్టి ఆపివేశాడు. అలోయిస్ యిరాసెక్ 1894లో వెలువరించిన ప్రాచీన చెక్ గాథల సంపుటితో ఈ కథ ఇంటింటికీ చేరింది.

జరిగింది వేరు. ఆ గడియారం 1410 నాటిది. చేసినవాడు కడాన్ ఊరి మికులాష్. దానికి లెక్కలు కట్టినవాడు ప్రాగ్ విశ్వవిద్యాలయపు ఖగోళ పండితుడు యాన్ షిండెల్ అని భావిస్తారు. హనూష్ తరవాతి తరానికి చెందిన గడియారపు పనివాడు. 1570లో యాన్ తాబోర్స్కీ రాసిన వివరణ వల్ల కీర్తి అంతా అతనికి దక్కింది. 1410 నాటి దస్తావేజు 1960 దశకంలో వెలుగు చూసేదాకా ఆ పొరపాటు సాగింది. ఆ దస్తావేజులో పురసభ మికులాష్ పనితనాన్ని మెచ్చుకున్నదే గాని, కళ్ళు పొడిపించిన జాడ లేదు.

మరి కథ అబద్ధమేనా? సంఘటనగా అబద్ధమే. కాని తాజ్‌మహల్ శిల్పుల చేతులు నరికించారని మనవాళ్ళూ, మాస్కోలోని సెయింట్ బాసిల్ చర్చి కట్టినవాళ్ళ కళ్ళు తీయించారని రష్యన్లూ ఇదే కథ చెప్పుకున్నారు. ఒకరినొకరు ఎరగని జనం ఒకే అబద్ధాన్ని ఎందుకు ఆడతారు? పనివాడి నేర్పు అతనికి చెందదు, పని చేయించుకున్నవాడి సొత్తయిపోతుందనే సత్యం ఈ దేశాలన్నింటిలోనూ ఒకటే గనుక. ప్రాగ్ కథకు ఉన్న ముగింపు మరీ గొప్పది. చేసినవాడికే ఆపడం తెలుసు. సమ్మె అనే మాట పుట్టకముందే దాని అర్థం ఆ గుడ్డి పనివాడి చేతిలో ఉంది.

అన్ని గాథలూ కిందినుంచే పుడతాయని మాత్రం అనుకోరాదు. పైనుంచి దిగినవి కూడా ఉన్నాయి. వల్తావా నదిమీది రాతివంతెన పైన నెపోముక్ వాసి యాన్ అనే సాధువు విగ్రహం ఉంది. రాణి పాపనివేదనలో చెప్పిన రహస్యాన్ని బయట పెట్టమని రాజు నాలుగో వాత్స్లావ్ గద్దించాడట. యాన్ నోరు విప్పలేదట. నదిలోకి తోయించగా నీటిపైన ఐదు నక్షత్రాలు వెలిగాయట. 1393 మార్చి 20న అతణ్ణి వంతెన మీదనుంచి నదిలో పడవేయించిన మాట వాస్తవం. కాని కారణం రాణి రహస్యం కాదు. అతడు ఆర్చిబిషప్ వద్ద ప్రధాన అధికారి. క్లాద్రుబీ మఠాన్ని, దాని ఆస్తులను ఆధారం చేసుకొని కొత్త పీఠం ఒకటి నెలకొల్పాలని రాజు తలపెట్టగా, ఆర్చిబిషప్ పక్షం వారు ఆ మఠానికి కొత్త అధిపతిని ఖాయం చేశారు. అనగా ఇది రాజుకూ చర్చికీ మధ్య ఆస్తి తగాదా. రాణి రహస్యం కథ అతడు పోయిన కొన్ని దశాబ్దాలకు గాని వినిపించదు.

ఆ కథ విగ్రహాలుగా, ఉత్సవాలుగా విజృంభించిన కాలం ఇంకా ముఖ్యం. వంతెనపైన విగ్రహం వెలసింది 1683లో. రోము అతణ్ణి సాధువుగా ప్రకటించింది 1729లో. అప్పటికి చెక్ ప్రజలు ఓడిపోయి ఉన్నారు. 1627 నాటి హాప్స్‌బర్గ్ రాజశాసనం కాథలిక్ మతం తప్ప మరొకటి చెల్లదన్నది. ఐతే ఆ ప్రజల గుండెల్లో మరో యాన్ ఉన్నాడు. చర్చి అవినీతిని ఎదిరించి, 1415 జూలై 6న కాన్‌స్టాన్స్‌లో సజీవంగా దహనమైన యాన్ హుస్. మాట్లాడి చచ్చిపోయిన యాన్‌ను మరిపించడానికి, నోరు విప్పకుండా చచ్చిపోయిన యాన్‌ను ముందుకు తెచ్చారని పలువురు చెక్ చరిత్రకారులు వాదించారు. ఆ వాదంలో బలం ఉంది. పాలకులకు ఎప్పుడూ మౌనమే కావాలి గదా! 1719లో సమాధి తవ్వినప్పుడు దొరికిన చెడని నాలుకను మహిమకు సాక్ష్యంగా చూపారు. 1973లో శాస్త్రజ్ఞులు పరీక్షించి అది నాలుక కాదు, మెదడు తాలూకు కణజాలమని తేల్చారు.

ఒకే సంఘటన రెండు పక్షాల చేతుల్లో రెండు గాథలైన ఉదాహరణ కూడా ఈ నగరంలోనే ఉంది. 1618 మే 23న ప్రొటెస్టెంటు ప్రభువులు రాజప్రతినిధులు ఇద్దరినీ, వారి కార్యదర్శినీ కోట కిటికీలోంచి కిందికి విసిరివేశారు. ముగ్గురూ బతికారు. మేరీమాత తన వస్త్రం పరచి కాపాడిందని కాథలిక్కులన్నారు. పెంటకుప్ప కాపాడిందని ప్రొటెస్టెంట్లన్నారు. ఆ కార్యదర్శికి చక్రవర్తి తరవాత "ఎత్తునుంచి పడినవాడు" అనే అర్థం వచ్చే బిరుదిచ్చి కులీనుణ్ణి చేశాడు. నవ్వు వచ్చే ఈ ఉదంతంతోనే ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలయింది.

తరవాతి ఘట్టంలో నవ్వు లేదు. 1620 నవంబర్ 8న తెల్లకొండ యుద్ధంలో చెక్ సేనలు ఓడిపోయాయి. 1621 జూన్ 21న పాత పట్టణపు చావడిలో 27 మంది తిరుగుబాటు నాయకులను చంపారు. వారిలో ముగ్గురు ప్రభువులు, ఏడుగురు నైట్లు, 17 మంది పట్టణవాసులు. విశ్వవిద్యాలయం రెక్టరు, ప్రాగ్‌లో 1600లో బహిరంగంగా శవపరీక్ష చేసి చూపిన వైద్యుడు యాన్ యెసేనియస్ నాలుక కోసి మరీ తల నరికారు. 12 తలలు వంతెన బురుజుమీద పదేళ్ళు వేలాడాయి. నేడు ఆ చావడి నేలమీద 27 తెల్ల శిలువలు పరిచి ఉన్నాయి. ఏటా ఒక రాత్రి ఆ 27 మంది లేచివచ్చి గడియారం సరిగా నడుస్తున్నదో లేదో చూసి వెళతారని గాథ. గడియారం నడుస్తుంటే దేశానికి మేలట.

ఓడిపోయిన జాతి తన ఆశను దాచుకున్న కథ ఇది. దీన్ని గౌరవించవలసిందే. కాని ఇక్కడ నాకొక సందేహం కలుగుతుంది. తెల్లకొండ తరవాత దేశంలోని భూములు పెద్ద ఎత్తున చేతులు మారాయి. కొత్త ప్రభువుల కింద రైతుల వెట్టి పెరిగింది. 1680లో రైతులు తిరగబడ్డారు. చక్రవర్తి వారిని అణచివేసి, నాయకులను ఉరితీసి, వెట్టి వారానికి మూడు రోజులు మించరాదని ఒక శాసనం పారేశాడు. ఆ శాసనం కాగితం మీదే మిగిలింది. 1775లో రైతులు మళ్ళీ లేచి ప్రాగ్ దాకా నడిచివచ్చారు. మళ్ళీ అణచివేత. ఈ రైతులెవరూ ఏ రాత్రీ ఏ చావడిలోకీ దయ్యాలై రారు. గడియారం చూసిపోరు. దయ్యం కావడానికి కూడా ఒక హోదా ఉండాలి కాబోలు!

చెక్ భాషలో ఈ వెట్టికి "రోబోత" అని పేరు. అది 1848లో రద్దయింది గాని, మాట చావలేదు. 1920లో కారెల్ చాపెక్ యంత్రమానవుల మీద ఒక నాటకం రాస్తూ, వాళ్ళకేం పేరు పెట్టాలో తోచక అన్న యోసెఫ్‌ను అడిగాడు. చిత్రకారుడైన ఆ అన్న "రోబో" అన్నాడు. ఈనాడు ప్రపంచమంతా పలుకుతున్న ఆ మాటకు పుట్టిల్లు వెట్టిచాకిరి. తెలంగాణ పల్లెల్లో వెట్టి అంటే ఏమిటో ఎరిగిన మనకు ఆ మాట బరువు ఎవరూ వివరించనక్కరలేదు.

రోబో కంటే ముందు ప్రాగ్‌కు మరో యంత్రమానవుడున్నాడు. రబ్బీ లోవ్ మట్టితో గోలెం అనే బొమ్మను చేసి, దేవుని నామంతో ప్రాణం పోసి, యూదుల వాడకు కాపలా పెట్టాడని కథ. అది అదుపు తప్పితే మళ్ళీ మట్టి చేసి ప్రార్థనాలయం అటకమీద పడవేశాడట. రబ్బీ లోవ్ నిజమైన వ్యక్తి. గొప్ప పండితుడు. 1592లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి అతన్ని పిలిపించి మాట్లాడాడు. 1609లో చనిపోయాడు. కాని గోలెం కథ అతనికి అంటుకొని అచ్చయింది 19వ శతాబ్దంలోనే. గోలెంను యూదులమీది హత్యానిందలనుంచి కాపాడే వీరుడుగా తీర్చిదిద్దినది 1909లో యూడల్ రోసెన్‌బర్గ్ పోలెండులో వెలువరించిన పుస్తకం. పిల్లల నెత్తురు వాడుకుంటారనే నింద మోపి యూదులను తూర్పు యూరప్‌లో హింసిస్తున్న రోజులవి. కథలోని కాలం 16వ శతాబ్దం; కథను పుట్టించిన భయం 20వ శతాబ్దానిది.

ఆ భయానికి ఆధారాలు ప్రాగ్‌లో కొల్లలు. 1389లో ఈస్టర్ రోజుల్లో దైవప్రసాదాన్ని అవమానించారనే నెపంతో మూక యూదుల వాడమీద పడి ఊచకోత కోసింది. 1744లో మరియా తెరీసా యూదులను నగరం నుంచి వెళ్ళగొట్టమని ఆజ్ఞ ఇచ్చింది. 1748లో గాని తిరిగి రానివ్వలేదు. 1939 మార్చి 15న హిట్లర్ సేనలు నగరంలో అడుగుపెట్టాయి. అటకమీదినుంచి ఎవరూ దిగిరాలేదు. బొహీమియా, మొరావియాలలో హతులైన దాదాపు 80,000 మంది యూదుల పేర్లు పింకాస్ ప్రార్థనాలయం గోడలనిండా రాసి ఉన్నాయి. రోబోకు పేరు పెట్టిన యోసెఫ్ చాపెక్ యూదుడు కాకపోయినా, ఫాసిజాన్ని తన బొమ్మలతో ఎదిరించినందుకు నిర్బంధ శిబిరాల పాలై, 1945లో బెర్గెన్ బెల్సెన్‌లో ప్రాణం వదిలాడు.

ఇక్కడితో ఆగితే వ్యాసం మనకు హాయిగా ఉంటుంది. రాజులు, చర్చి, ఫాసిస్టులు, అందరూ అవతలి పక్షంవాళ్ళే. కాని మూడు ప్రశ్నలు అవతలివాళ్ళకే పరిమితమైతే అది చారిత్రక దృష్టి అనిపించుకోదు. 1952 నవంబర్‌లో ఇదే ప్రాగ్‌లో చెకోస్లొవాక్ కమ్యూనిస్టు పార్టీ మాజీ ప్రధాన కార్యదర్శి రుడాల్ఫ్ స్లాన్‌స్కీనీ, మరి 13 మందినీ న్యాయస్థానంలో నిలబెట్టారు. 14 మందిలో 11 మంది యూదుల ఇళ్ళలో పుట్టినవారు. జియోనిస్టు కుట్ర చేశారన్నది వారిమీది ఆరోపణల్లో ప్రధానం. ముందుగా వల్లెవేయించిన నేరాంగీకారాలు రేడియోలో వినిపించారు. డిసెంబర్ 3న 11 మందిని ఉరితీశారు. చితాభస్మాన్ని నగరం వెలుపల రోడ్డు మీద చల్లివేశారు. 1963లో అక్కడి న్యాయస్థానమే ఆ తీర్పులను కొట్టివేసింది. రహస్యంగా విషం కలిపే యూదుడు అనే మధ్యయుగపు గాథ, శాస్త్రీయ సోషలిజం భాష తొడుక్కొని తిరిగివచ్చింది. చెప్పింది మన శత్రువులు కాదు. నమ్మినవాళ్ళలో నిజాయితీపరులూ ఉన్నారు. అందువల్లనే ఇది తక్కిన గాథలన్నింటికంటే భయంకరమైనది.

కనుక గాథను మూఢత్వమని తోసిపుచ్చేవాడూ, అందంగా ఉందని ఆనందించి వదిలేసేవాడూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ దాన్ని ప్రశ్నించడం లేదు. ఈనాడు ప్రాగ్‌లో దయ్యాల కథలు విహారయాత్రికులకు అమ్ముడుపోయే సరుకు. రాత్రిపూట లాంతరు పట్టుకొని వీధులు తిప్పి చూపుతారు. 1650లో హాప్స్‌బర్గులు నిలిపిన మేరీమాత స్తంభాన్ని 1918 నవంబర్‌లో ప్రజలు పడగొట్టగా, 2020లో అదే చావడిలో మళ్ళీ నిలబెట్టారు. దాని నీడకు కాస్త దూరంలోనే 27 శిలువలున్నాయి. గాథల మధ్య పోరాటం ముగియలేదన్నమాట.

పీడితులు చెప్పుకున్న కథలో సంఘటన అబద్ధమైనా వేదన నిజం. పాలకులు చెప్పించిన కథలో ఒక్కొక్కసారి సంఘటన నిజమైనా ఉద్దేశం అబద్ధం. ఈ రెండింటినీ వేరు చేయగలగడమే చరిత్ర చదవడం. ఆ విద్యను ఎదుటివారి గాథల మీద నేర్చుకొని, మన గాథల మీద ప్రయోగించే ధైర్యం లేనప్పుడు మనం విమర్శకులం కాము, మరో స్థలపురాణానికి వ్రాయసకాళ్ళం మాత్రమే అవుతాము.