రెండు నివేదికల మధ్య మా అమ్మ

గత భాగంలో బొజ్జా అప్పలస్వామి గారి గురించి రాశాను. ఈసారి అమలాపురంలో బయలుదేరి, న్యూయార్క్ మీదుగా కువైట్ వెళ్లి, మళ్లీ మా పేటకే వస్తాను. కాస్త పొడవైన పోస్టు. ఓపిగ్గా చదవండి.

ఇది క్లాసులో మొదలైంది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు దళిత సాహిత్యం చెబుతూ, మాటల మధ్యలో 1999 నాటి హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక పేరెత్తాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు.

"మన గురించి రాయడానికి న్యూయార్క్ వాళ్లెవరండీ, సార్?"

పేట నుంచి వచ్చిన కుర్రాడే. విదేశీ డబ్బు, విదేశీ కుట్ర అనే ఫార్వర్డులు వాడి ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. అయినా ఆ ప్రశ్న ఫార్వర్డుది కాదు, వాడి సొంతం. ఆ రోజు బెల్లు కొట్టేసరికి సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

ముందు ఆ సంస్థ సంగతి. 1975లో హెల్సింకీలో యూరప్, అమెరికా, సోవియట్ దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో మానవ హక్కుల మాట కూడా ఉంది. సోవియట్ కూటమి ఆ మాట నిలబెట్టుకుంటోందా లేదా అని కనిపెట్టడానికి 1978లో న్యూయార్క్‌లో 'హెల్సింకీ వాచ్' పుట్టింది. 1981లో అమెరికాస్ వాచ్, 1985లో ఏషియా వాచ్ వచ్చాయి. 1988లో అన్నీ కలిసి హ్యూమన్ రైట్స్ వాచ్ అయ్యాయి. ఏ ప్రభుత్వం దగ్గరా డబ్బు తీసుకోకపోవడం ఆ సంస్థ నియమం. పుట్టుకలో ప్రచ్ఛన్న యుద్ధం వాసన ఉంది, దాచక్కర్లేదు. కానీ సంస్థను పుట్టిన ఊరిని బట్టి కాకుండా పనిని బట్టి చూద్దాం.

పని పద్ధతి ఇదీ. పరిశోధకులు బాధితుల దగ్గర కూర్చుని వింటారు. ఒకరు చెప్పింది మరొకరు చెప్పిన దానితో పోలుస్తారు. ఎఫ్ఐఆర్, కోర్టు కాగితం, ఆసుపత్రి కాగితం వెతుకుతారు. అధికారులను కలిసి వాళ్ల వాదనా రాసుకుంటారు. ప్రమాదం ఉన్నచోట పేర్లు మారుస్తారు. చివర ఏ ప్రభుత్వం ఏం చేయాలో విడివిడిగా రాస్తారు. వాళ్ల చేతిలో పోలీసూ లేడు, కోర్టూ లేదు. ఉన్నదల్లా నలుగురి ముందు సిగ్గుపడేలా చేయగల కాగితం.

అలాంటి కాగితమే 1999 నాటి 'బ్రోకెన్ పీపుల్'. స్మితా నరుల పరిశోధించి రాశారు. దళిత అనే మాటకు అర్థమే విరిగిన, నలిగిన అని. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో బాబాసాహెబ్ మన పూర్వీకులను 'బ్రోకెన్ మెన్' అన్నారు. అలాంటి మాటే నివేదిక అట్ట మీదా ఉంది. బీహార్‌లో రణవీర్ సేన హత్యాకాండలు, తమిళనాడులో మేలవలవు, ముంబైలో రమాబాయి నగర్ కాల్పులు, పాకీపని, వెట్టి, దేవదాసి ఆచారం, టీ కొట్టులో రెండు గ్లాసులు, అన్నీ అందులో ఉన్నాయి. 16 కోట్ల మంది బతుకును అది దాగిన వర్ణవివక్ష అని పిలిచింది.

అది దారిలో మొదటి అడుగేమీ కాదు. 1996లోనే ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ, 'వంశం' అనే మాటలో కులం కూడా వస్తుందని మన ప్రభుత్వానికి చెప్పింది. 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సుకు మన దళిత ప్రతినిధులు వెళ్లారు. కులం మా ఇంటి గొడవ, ఇక్కడ మాట్లాడొద్దు అంది మన ప్రభుత్వం. 2002లో ఆ కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో కులాన్ని పేరు పెట్టి రాసింది. 2007లో జెనీవాలో భారత్ నివేదిక విచారణకు వచ్చినప్పుడు హ్యూమన్ రైట్స్ వాచ్, న్యూయార్క్ యూనివర్సిటీ మానవ హక్కుల కేంద్రం కలిసి 'హిడెన్ అపార్థైడ్' అనే పోటీ నివేదికను ముందుపెట్టాయి.

ఇక్కడ కుర్రాడి ప్రశ్నకు మొదటి సగం జవాబు దొరుకుతుంది. వాళ్లు మనకు హక్కులేవీ తెచ్చిపెట్టలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటి మీద లేచిన ఉద్యమం నుంచి దళిత మహాసభ వచ్చింది. 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనుక ఆ ఉద్యమం ఒత్తిడీ ఉంది. న్యూయార్క్ నివేదికకు అది పదేళ్ల ముందు మాట. మన కాట్రేనికోన మండలం కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేశారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని కూలివాడికి అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాశారు. చట్టం మనది, పోరాటం మనది, సాక్ష్యం మనది. బయటి సంస్థ చేసింది ఒకటే. మన సాక్ష్యం విని, మన చట్టాన్నే మన ప్రభుత్వం ముందుపెట్టి, దీన్నెందుకు అమలు చేయడం లేదని పదిమందిలో అడిగింది.

అలా అడిగినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, సాక్షులు ఏళ్ల తరబడి నిలబడితే 2007లో 21 మందికి జీవితఖైదు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నివేదిక రాసినవాళ్లు విమానమెక్కి వెళ్లిపోతారు. సాక్షి మాత్రం అదే ఊళ్లో, అదే బావి పక్కన బతకాలి. ఈ తేడా మరిచిపోకూడదు.

రెండో సగం జవాబు మా ఇంట్లో ఉంది.

1996 నవంబరు 6 తుఫాను మీలో చాలామంది పుట్టకముందుది. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. చెట్టు పడితే ఆసామికి నష్టం. దింపు పని చేసేవాడికి బతుకే పోయింది, కొత్త చెట్టు కాపుకొచ్చేదాకా వాడు ఏం తినాలి? మా నాన్న దింపు కార్మికుడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. 1998లో అమ్మ కువైట్ వెళ్లింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ పేటలో అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటి చూపిస్తారు.

వీసాకి ఏజెంటు అడిగిన డబ్బు నాన్న ఆ తోట ఆసామి దగ్గరే తెచ్చాడు. నూటికి ఐదు రూపాయల వడ్డీ. అప్పు తీరేదాకా వేరే తోటలో చెట్టెక్కకూడదు, ఇచ్చినంతే కూలి. దీన్ని 1976 నాటి చట్టం వెట్టి అంటుంది. మా ఇంట్లో మాత్రం ఆసామి సాయం చేశాడు అనేవాళ్లు.

అక్కడ అమ్మది ఖద్దామా వీసా. దిగిన రోజే ఆ ఇంటావిడ పాస్‌పోర్టు తీసుకుంది. నెలకు 35 దినార్లన్నారు. మొదటి మూడు నెలలు పైసా ఇవ్వలేదు, ఏజెంటుకిచ్చిన దాంట్లో సరిపోయిందన్నారు. తెల్లారి ఐదింటికి లేస్తే రాత్రి పన్నెండు దాకా పని, సెలవంటూ లేదు. అకామా కఫీల్ చేతిలో ఉంటుంది. ఆయన ఒప్పుకోకుండా గడప దాటితే పారిపోయిన మనిషని కేసు. అమ్మ ఆరేళ్లుంది. ఆ ఆరేళ్ల మీదే ఐదు సెంట్ల స్థలం, శ్లాబు, నా చదువు నిలబడ్డాయి. పీహెచ్‌డీ పట్టా అందుకున్న రోజు అమ్మ దాన్ని చదవలేదు, చేత్తో తడిమి చూసింది.

పీహెచ్‌డీ చేసేటప్పుడే హ్యూమన్ రైట్స్ వాచ్ 2010 నివేదిక 'వాల్స్ ఎట్ ఎవ్రీ టర్న్' నా చేతికొచ్చింది. కువైట్‌లో ఇంటిపనివాళ్ల మీద రాసింది. ఇదే సంస్థ 1992లోనే అక్కడి ఆసియా పనిమనుషుల మీద అత్యాచారాల గురించి ఒక నివేదిక ఇచ్చింది. అంటే మా అమ్మ విమానమెక్కడానికి ఆరేళ్ల ముందే అక్కడేం జరుగుతుందో అచ్చయి ఉంది. అది మా పేటదాకా రాలేదు. ఏజెంటు మాత్రం వచ్చాడు.

2010 నివేదిక చదువుతుంటే ప్రతి పేజీలో అమ్మ కనిపించింది. కఫాలా పద్ధతి, తాళంలో పాస్‌పోర్టు, ఆగిన జీతం, పారిపోతే కేసు. అప్పటికి కువైట్‌లో ఆరు లక్షల అరవై వేల మందికి పైగా విదేశీ ఇంటిపనివాళ్లున్నారు. కార్మిక చట్టం వాళ్లకు వర్తించదు. శ్రీలంక, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఇథియోపియా ఎంబసీలకు 2009 ఒక్క ఏడాదిలో పదివేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయని రాశారు. ఆ లెక్కలో మన ఎంబసీ లేదు.

ఒత్తిడి కొంత పనిచేసింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడిక తెచ్చింది. 2015లో కువైట్ 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. ఇల్లు తనిఖీ చేసే ఏర్పాటు లేకపోతే ఇది అమలు కాదని ఆ సంస్థే హెచ్చరించింది. ఆ 189వ ఒడంబడికను కువైట్ ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. మన దేశం పెట్టిన నియమం, 30 ఏళ్లు నిండని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లకూడదని. వెళ్లక తప్పని మనిషి ఆగదు. విజిట్ వీసా మీద, పాస్‌పోర్టులో వయసు పెంచుకుని వెళుతుంది. రక్షణ పేరుతో పెట్టిన నియమం ఆమెను లెక్కలోంచి కూడా తప్పిస్తుంది.

ఒకరోజు ఆ నివేదిక అమ్మకు తెలుగు చేసి చదివి వినిపించాను. కొబ్బరి ఈనెలు చీరుతూ విని, "అన్నీ నిజమేరా నాన్నా. డ్రైవరు సంగతి రాయలేదేటి?" అంది.

ఏ డ్రైవరు? అప్పటిదాకా నాకు చెప్పలేదు.

"ఆ ఇంట్లో కారు తోలేవోడు మన గోదారి జిల్లావోడేరా. వారం రోజులు అక్కా అక్కా అన్నాడు. మీది ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ అనడిగాడు. పేట అన్నాను. ఆ మర్నాటి నుంచి నేను పెట్టిన టీ ముట్టుకోలేదు. నా పాస్‌పోర్టుకి తాళం వేసినావిడ నేను వండింది తింది. నా భాష మాట్లాడేవోడు తినలేదు."

ఆ రాత్రి రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తాళం వేసిన పాస్‌పోర్టు 2010 నివేదికలో ఉంది. టీ గ్లాసు 1999 నివేదికలో ఉంది. రెండూ ఒకే వంటింట్లో ఒకే మనిషికి జరిగాయని ఎక్కడా లేదు. అప్పు తీరేదాకా నాన్న తోట వదలకూడదు, అకామా ఉన్నన్నాళ్లూ అమ్మ ఇల్లు వదలకూడదు. ఒకే తాడుకు రెండు కొసలు. ఆసామి అప్పు నాన్నను కట్టేసింది, అదే అప్పు అమ్మను విమానమెక్కించింది. ఒక నివేదిక పేటలో ఆగిపోయింది. రెండోది ఎయిర్‌పోర్టు దగ్గర మొదలైంది. పేట నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఉన్న దారి ఎవరూ రాయలేదు.

ఇది వాళ్ల నేరం కాదు. కులం 2010 నివేదిక విషయం కాదు, వలస 1999 నివేదిక విషయం కాదు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకు ఒక ప్రశ్న, ఒక గడువు ఉంటాయి. ఖాళీ మనది. పూరించాల్సింది కూడా మనమే. 2020 సెప్టెంబరులో ఆమ్నెస్టీ మన దేశంలో పని ఆపేయాల్సి వచ్చింది. బయటివాళ్లు వచ్చి వినే రోజులు ఎప్పుడైనా పోవచ్చు. అప్పుడు మన దగ్గర మన కాగితం ఉండాలి కదా?

అందుకే ఒక పని చెబుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్లాక అమ్మనో, పిన్నినో, అమ్మమ్మనో అడగండి. ఎందుకు వెళ్లావు? వీసా డబ్బు ఎవరిచ్చారు, బదులుగా ఏం అడిగారు? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఎన్ని నెలల జీతం రావాలి? అక్కడ నీ కులం అడిగిందెవరు? వాళ్ల మాటల్లోనే రాయండి. పాస్‌పోర్టు, ఉత్తరం, డబ్బు పంపిన రసీదు, ఏ కాగితం దొరికినా ఫొటో తీయండి. ఒప్పుకుంటేనే రాయండి, వద్దంటే పేరు తీసేయండి. ఈ జాగ్రత్తలు న్యూయార్క్ వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి నామోషీ ఏమీ లేదు. పేరు ఎంత బరువో కోనసీమకు వేరే చెప్పాలా? జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడుతున్నారని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు.

తమ్ముడూ, వాళ్లెవరని అడిగావు. మనవాళ్లు చెప్పింది కూర్చుని విన్నవాళ్లు, అంతే. మీ ఇంట్లో కూర్చుని వినాల్సినవాడివి నువ్వు.

ఈ పోస్టు రాసే ముందు అమ్మ ఒప్పుకుంటుందా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి పాత పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చింది. అట్ట రంగు పోయింది. లోపల ఫొటోలో అమ్మకు నా వయసు కూడా లేదు.

"డ్రైవరు సంగతి మర్చిపోకు" అంది.

జై భీమ్.