పాత ఉత్తరాలలో మన పెద్దల చదువు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం రికార్డు గదిలోనే గడిచింది. కాగితం విలువ తెలిసినవాణ్ణని అనుకునేవాణ్ణి. అది ఎంత పొరపాటో చివర మనవి చేస్తాను.

పందొమ్మిదవ శతాబ్దంలో మన పెద్దలు ఏమి చదివేవారు, ఎలా చదివేవారు అన్నది నేను ఎంచుకున్న విషయం. ఏ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో గ్రంథాల పట్టికలు చూస్తే తెలుస్తుంది. దాన్ని ఎవరు చదివారో, ఎవరికి వినిపించారో ఆ పట్టికల్లో ఉండదు. అది తెలియాలంటే ఉత్తరాలు, డైరీలు చూడాలి.

ముందుగా మనకు అలవాటైన కచేరీ ఉత్తరం ఒకటి చూద్దాం. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలలోని బడుల వివరాలు పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో రెవెన్యూ బోర్డుకు జవాబు వ్రాశాడు. జిల్లాలో 533 బడులు, వాటిలో తెలుగువి 226, మొత్తం పిల్లలు 6,641 మంది. ఆడపిల్లలు 60 మందే. ఆ లెక్కలు కూర్చిన గుమాస్తాలెవరో గాని వారికి నా నమస్కారం. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారట. లెక్కలేనన్ని పద్యాలు అప్పజెప్పేవారట గాని, అర్థం అడిగితే చిలుక పలుకులేనని కలెక్టరు వాపోయాడు. పుస్తకాలలోని భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడమే దానికి కారణమన్నాడు. ఆయన చెప్పినది నిజమే. అయితే ఇంకొక సంగతి కూడా ఉంది. పుస్తకం దొరకని రోజుల్లో కంఠస్థం చేసినదే మనిషికి గ్రంథాలయం. బడికి వెళ్ళని స్త్రీలకు, పామరులకు పురాణం చెవి ద్వారానే అందింది.

ఇక ఏనుగుల వీరాస్వామయ్య గారు. ఆయనా మనవంటి ఉద్యోగే. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేశారు. 1830 మే 18న పరివారంతో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. దారిలో చూసినవి ఎప్పటికప్పుడు వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి పంపేవారు. మజిలీకి మజిలీకి మధ్య దూరమెంత, నీళ్ళు ఎలా ఉన్నాయి, సామాన్లు దొరుకుతాయా అన్నవన్నీ అందులో ఉన్నాయి. పద్యాలు లేవు, పాండిత్య ప్రదర్శన లేదు. మనుషులు మాట్లాడుకునే తెలుగులోనే వ్రాశారు. ఆయన 1836లో స్వర్గస్థులయ్యారు. పిళ్ళె గారు ఆ వ్రాతను భద్రపరచి 1838లో అచ్చువేయించారు. మళ్ళీ 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు దాన్ని సంస్కరించి ప్రచురించారు. ఇద్దరు స్నేహితుల మధ్య నడిచిన వ్రాత లోకానికి పుస్తకమైంది. పిళ్ళె గారు చదివి ఊరుకుని ఉంటే మనకు కాశీయాత్ర చరిత్ర లేదు.

కడపలో బ్రౌను దొర చేసినదీ అటువంటి పనే. ఆ రోజుల్లో ఒక పుస్తకం కావాలంటే అది ఎవరింట ఉందో విచారించి, ఉత్తరం వ్రాసి, బతిమాలి తెప్పించుకోవాలి. తరువాత దానికి నకలు వ్రాయించుకోవాలి. వ్రాయసగాడు నిద్రమత్తులో ఉంటే ఒక చరణం మాయమవుతుంది. అందుకే బ్రౌను తన బంగళాలో పండితులకు, వ్రాయసగాళ్ళకు సొంత జీతాలిచ్చి, ప్రతికి ప్రతి సరిపోల్చి శుద్ధప్రతులు తయారు చేయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. తనకు వచ్చిన ఉత్తరాలను కూడా పారవేయలేదు. వాటిని మన కాలంలో బంగోరె గారు వెలికితీసి ప్రకటించారు. ఒక పుస్తకం చేతికి రావడానికి ఎంత శ్రమపడేవారో వాటి వల్ల తెలిసింది.

శతాబ్దం రెండవ సగంలో తపాలా చౌక అయింది. 1854 నుంచి దేశంలో ఎంత దూరమైనా అరణాకు ఉత్తరం వెళ్ళేది. 1879లో కానీకి కార్డు వచ్చింది. దానితో చదువరుల లోకం విశాలమైంది. గురజాడ అప్పారావు గారు ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, 1883లో ఇంగ్లీషులో వ్రాసిన ‘సారంగధర’ కావ్యం విజయనగరం పత్రికలో వచ్చింది. దాన్ని చదివి కలకత్తాలోని ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ తన పత్రికలో పునర్ముద్రించారు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. విజయనగరంలో వ్రాసినది కలకత్తాలో చదివి మెచ్చుకున్నారని ఆ ఉత్తరాల వల్ల, అప్పారావు గారి డైరీల వల్ల మనకు తెలుస్తున్నది.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచినది ఒకటే. ఆనాడు చదవడం ఒంటరి పని కాదు. ఒకరు చదివితే పదిమంది వినేవారు. ఒకరి పుస్తకం నాలుగిళ్ళు తిరిగేది.

ఇప్పుడు నా సంగతి. మా ఇంట్లో విరాటపర్వం పాత అచ్చు ప్రతి ఒకటి ఉంది. అందులో రాణిగారి బొమ్మ ఉన్న కానీ కార్డు దొరికింది. మీద 1896 నాటి తపాలా ముద్ర. మా ముత్తాతగారికి వారి పినతండ్రి కుమారుడు వ్రాసినది. ఉభయకుశలోపరి అయిన తరువాత విషయం ఇది: ఊళ్ళో వానలు లేవు, గుడిలో విరాటపర్వం చదివించాలని పెద్దలు నిశ్చయించారు, తమరు తీసుకువెళ్ళిన పుస్తకం వెంటనే పంపవలసింది. ఒక్క కార్డులో ఆ కాలపు చదువంతా ఉంది. పుస్తకం ఒకరిది, ఉన్నది వేరొకరి ఇంట, వినేది ఊరంతా, కోరేది వాన.

మరి ఆ పుస్తకం మా ఇంట్లోనే ఎందుకు ఉంది? పంపలేదా? పంపితే చదివించాక మళ్ళీ వచ్చిందా? వాన పడిందా? జవాబు మా ముత్తాతగారి ట్రంకుపెట్టెలో ఉండే ఉంటుంది. అందులో కట్టలకొద్దీ ఉత్తరాలు, రోజువారీ వ్రాసుకున్న పుస్తకాలు నాలుగైదు ఉండేవి. 2009లో ఇంటికి సున్నాలు వేయించినప్పుడు వాటిని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసింది నేనే. సర్వీసులో ఉన్నన్నాళ్ళు ఆర్.డిస్. ఏదో, ఎల్.డిస్. ఏదో చూడనిదే ఒక్క ఫైలు కదలనివ్వలేదు. సొంత ఇంటి కాగితాల దగ్గర మాత్రం ఏది ఉంచాలో చూడనైనా లేదు. చరిత్ర చదువుతున్న మా మనుమరాలు ఆ కార్డు చూసి, మిగతావి ఏవి తాతయ్యా అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

సోదరులారా, మీ అటకల మీద, పెట్టెల అడుగున అటువంటి కట్టలు ఉంటే విప్పి చూడండి. ఎవరు ఎవరికి వ్రాశారో ఒక చీటీ వ్రాసి పెట్టండి. పిల్లలను కూర్చోబెట్టి ఒక్క ఉత్తరమైనా చదివి వినిపించండి. వాటిని మాత్రం ఆర్.డిస్. చేయండని నా మనవి.