మిరప విత్తనం ఎంచింది ఎవరు?



మిరపకాయ మన దేశంలో పుట్టింది కాదు అని చెప్తే మా నాయనమ్మ నమ్మలేదు. "మరి మన పాత తరాలోళ్లు గొడ్డుకారం లేకుండ అంబలి తాగిన్రా?" అని నన్నే అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఆ పేరులోనే ఉంది. మిరియపు కాయ, అంటే మిరియంలా మండే కాయ, అదే మిరపకాయ అయింది. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరప. కన్నడలో మెణసు, మెణసినకాయి. పాత ఘాటుకు మిరియాలు, పిప్పళ్లు, అల్లం, శొంఠి ఉండేవి. కొత్త కాయ వచ్చాక పాత పేరుకే "కాయ" తగిలించుకున్నరు మనోళ్లు.

ఎక్కడి నుంచి వచ్చింది అనేది పుస్తకాల్లో దొరుకుతది. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో గోవా రేవుకు, అక్కడి నుంచి దేశమంతా. నేను రాయాలనుకున్నది అది కాదు. తీపి మిరప, కారపు మిరప, సన్నది, బుట్టలాంటిది, పైకి చూసేది, కిందికి వేలాడేది... ఇన్ని రకాలను ఎంచి వేరుచేసింది ఎవరు? ఇంటి వెనక పెరట్లో ఏ రకం పెట్టాలి అని మనం ఇయ్యాల అనుకుంటున్నమంటే, ఆ ఎంపిక మనకంటే ముందు కొన్ని వేల ఏండ్లు జరిగింది.

అడవి మిరప ఎట్లుంటదో ముందు చూద్దాం. మెక్సికోలో ఇప్పటికీ ఉంది. శనగ గింజంత కాయ, ఆకుల మీదికి నిక్కి నిలబడి ఎర్రగా కనబడతది, ముట్టుకుంటే ఊడి వస్తది. ఇదంతా పిట్టల కోసం. పిట్టలకు మిరప మంట తెలియదు. అవి కాయ మింగి, గింజను నలగనీయకుండా ఇంకో చెట్టు కింద వేస్తయి. పళ్లున్న జంతువులు గింజను నమిలి పాడుచేస్తయి, అందుకే వాటికి మంట. మనిషి మాత్రం మంటకు భయపడకుండ తిన్నడు, పైగా ఇష్టపడ్డడు. (ఈ విషయంలో మనిషి జంతువుకూ పిట్టకూ మధ్యలో ఉన్నడు అనిపిస్తది నాకు.)

అక్కడి మూలవాసులు కాయ ఊడిపోని చెట్టు నుంచి గింజ దాచారు. పిట్టకు కనబడకుండా ఆకు కిందికి వేలాడే కాయను ఎంచారు. పెద్ద కాయను, కండ ఉన్న కాయను, మంట తక్కువ కాయను వేరే వేరే పెట్టారు. ఈక్వడార్‌లో 6000 ఏండ్ల కిందటి ఇండ్ల దగ్గర, పాత్రలకు, నూరే రాళ్లకు అంటుకున్న మిరప పిండిపదార్థపు రేణువులు దొరికాయి. ఇయ్యాల ప్రపంచంలో సాగయ్యే మిరప జాతులు ఐదు. ఐదూ అమెరికా మూలవాసులు మచ్చిక చేసినవే. మన గుంటూరు మిర్చి, మార్కెట్లో దొరికే క్యాప్సికం రెండూ ఒకే జాతి. ఈ సంగతి తెలిసినప్పుడు మా రూములో ఎవరూ నమ్మలేదు.

1493 జనవరి 15న కొలంబస్ తన దినచర్యలో ఈ కాయ గురించి రాసుకున్నడు. అక్కడి టైనో జనం దాన్ని "అహి" అంటరని, అది మిరియం కంటే మేలని రాశాడు. ఆయన వెతుక్కుంటూ బయలుదేరింది మన దేశపు మిరియాల కోసమే కదా! దొరికింది వేరే కాయ, వేరే జనం. కాయకు మిరియం పేరు పెట్టారు, జనానికి ఇండియన్లు అని పేరు పెట్టారు. రెండూ తప్పే. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే టైనో జనం బంగారు గనుల వెట్టికీ, కొత్త రోగాలకూ, కత్తికీ దాదాపు తుడిచిపెట్టుకు పోయారు. "అహి" మాత్రం స్పానిష్ భాషలో ఇప్పటికీ ఉంది.

పేర్ల తప్పు అక్కడితో ఆగలేదు. 1542లో జర్మనీ వృక్ష శాస్త్రవేత్త ఫుక్స్ తన పుస్తకంలో మిరపను కాలికట్ మిరియం అన్నడు. 1776లో జాకిన్ అనే ఆయన ఇంకో జాతికి చైనా పేరు పెట్టాడు, అది చైనా నుంచి వచ్చిందనుకొని. ఆ శాస్త్రీయ నామం ఇప్పటికీ అదే. కాలికట్ పేరు వచ్చింది, చైనా పేరు వచ్చింది, పండించి ఎంచిన జనం పేరు మాత్రం రాలేదు.

కానీ ఒకచోట రాతలో మిగిలింది. ఇది మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవాల్సిన ముచ్చట. స్పెయిన్ వాళ్లు మెక్సికోను గెలిచాక 1536లో త్లతెలొల్కో అనే చోట నహువా పిల్లలకు ఒక కాలేజీ పెట్టారు. అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకోవాలి. చేరింది పెద్దింటి పిల్లలే, ఆ మాటా చెప్పాలి. సహగున్ అనే ఫాదిరీ, అక్కడ చదువుకున్న నహువా యువకులు కలిసి తమ పెద్దమనుషులను అడిగి, తమ భాషలోనే 12 సంపుటాలు తయారు చేశారు. 1577 నాటికి పని అయింది. దేవతలు, రాజులు, యుద్ధాలు అన్నీ ఉన్నయి అందులో. దాంతోపాటు సంతలో మిరపకాయలు అమ్మే మనిషి గురించి కూడా ఉంది. మంచి అమ్మకందారు దగ్గర ఏ ఏ రకాలు ఉంటయి, చెడ్డ అమ్మకందారు కుళ్లు కాయలు, పనికిరాని కాయలు ఎట్లా అంటగడతాడు అన్నీ రాశారు. చప్ప కాయ, వెడల్పు కాయ, పచ్చి కారం, పసుపు కాయ, ఇట్లా వరుస. సంతలో నిలబడి బేరం చేసిన మనిషే అట్లా చెప్పగలడు. మనం ఇంగ్లిష్‌లో "చిల్లీ" అంటున్నది కూడా వాళ్ల నహువాతుల్ మాటే.

ఇంకొక రాత పనామాది. లయొనల్ వేఫర్ అనే ఓడ వైద్యుడు 1681లో గాయపడి అక్కడి ఆదివాసీల మధ్య కొన్ని నెలలు బతికాడు. 1699లో అచ్చేసిన పుస్తకంలో, వాళ్ల దగ్గర రెండు రకాల మిరప ఉందని రాశాడు. ఒకటి గంట మిరప, ఇంకొకటి పిట్ట మిరప. పిట్ట మిరపనే వాళ్లు ఎక్కువ మెచ్చుకునేవాళ్లట. మా నాయనమ్మ అయినా అదే చెప్పేది.

తీపి మిరప సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం, పెరట్లో పెట్టేటోళ్లకు పనికొస్తది. కారం గింజలో ఉంటదని అందరం అనుకుంటం. కాదు, గింజలు అంటుకొని ఉండే తెల్లటి ఈనెలో ఉంటది. ఆ మంటను తయారుచేసే జన్యువు ఒకటి పనిచేయకపోతే కాయ తీపి అయితది. ఎప్పుడో ఒక చెట్టులో అట్లా జరిగింది, ఎవరో కొరికి చూసి, పారేయకుండా గింజ దాచారు. లేకపోతే క్యాప్సికం లేదు. పిట్టలకు రెండూ ఒకటే, ఆ తేడా మనిషి నాలుకకే తెలుస్తది. తర్వాత యూరపులో, అమెరికాలో దాన్ని ఇంకా పెద్దగా, మందంగా చేశారు. 1928 నాటి కాలిఫోర్నియా వండర్ రకం విత్తనం మన షాపుల్లో ఇప్పటికీ దొరుకుతది. ఉత్తరాదిలో సిమ్లా మిర్చి అంటరు, మన దగ్గర బుట్ట మిరప, బెంగళూరు మిర్చి. ఈ పేర్లలోనే దాని గుణం ఉంది, చల్లదనం కావాలి దానికి. మన ఎండకు పూత రాలిపోతది. వానాకాలం చివర నారు పోసి చలికాలంలో కాయించుకుంటే వస్తది, ఎండాకాలం ఆశ పెట్టుకోవద్దు.

మన దేశంలో కూడా ఆదివాసీలు ఎంచిన మిరప ఉంది. నాగా జనం పెంచే రాజ మిరప 2008లో జీఐ గుర్తింపు పొందింది. దానికి దగ్గరి చుట్టం భూత్ జొలోకియా 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైనదిగా గిన్నిస్‌లోకి ఎక్కింది. ఘాటును స్కోవిల్ లెక్కలో కొలుస్తరు, 1912లో స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు పెట్టిన లెక్క అది. బుట్ట మిరపకు సున్నా, భూత్ జొలోకియాకు పది లక్షలు దాటింది. ఇంకో కొసన మన వరంగల్ వైపు చపాటా ఉంది. పొట్టిగా, లావుగా, టమాటాలా ఎర్రగా ఉంటది, కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చడికి దాన్ని మించింది లేదు. దానికి 2025లో జీఐ వచ్చింది. ఏటేటా రైతులే మంచి కాయ చూసి విత్తనం తీసుకుంటూ వచ్చిన రకం అది.

ఇప్పుడు మన గోదావరి పక్క ఏజెన్సీ ఊర్లలో మిర్చి తోటలు చూడండి. ఎక్కువ భాగం హైబ్రిడ్. విత్తనం పది గ్రాముల ప్యాకెట్లలో ఏటా కొనాలి, దాని కాయ నుంచి గింజ తీసి వేస్తే పోయినేడు పంట రాదు. తోట ఒకరిది, విత్తనం కంపెనీది, ఏరే చేతులు మాత్రం మనవి. ఏరడానికి బీజాపూర్ వైపు నుంచి కూడా ఆదివాసీ కుటుంబాలు వస్తయి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడ్డప్పుడు, ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికి వచ్చిన 12 ఏండ్ల పాప ఒకతి మూడు రోజులు అడవి దారిన నడిచి, తన ఊరు ఇంకొంచెం దూరంలో ఉండగానే చనిపోయింది. మిరప చరిత్ర రాసేటప్పుడు ఆ పాపను వదిలేసి రాయబుద్ధి కాలేదు.

చట్టం ఒకటి మనవైపు ఉంది. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, పక్కోళ్లకు ఇచ్చి పుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. ఒక ఊరో, ఒక సమాజమో తరాలుగా కాపాడిన రకాన్ని రైతు రకంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మన అవ్వల పెరళ్లలో పైకి చూస్తూ కాసే చిన్న మిరప, నీళ్లు లేకున్నా రెండు మూడేండ్లు బతికే ఆ చెట్టు, ఎక్కడైనా రిజిస్టర్ అయిందా? ముందు మన దగ్గర లిస్టు ఉండాలి కదా.

పెరట్లో పెట్టాలనుకునేవాళ్లకు నా మాట: కూరకు, గొడ్డుకారానికి ఇంటి పాత రకం రెండు చెట్లు, పచ్చడికి చపాటా నాలుగు, చలికాలానికి బుట్ట మిరప రెండు. చాలు. తీపి, కారం పక్కపక్కన పెడితే తీపి కాయ కారమైపోతదని కొందరు భయపెడతరు. ఈ ఏడు కాయకు ఏం కాదు. ఈగలు పుప్పొడి మార్చేస్తే తేడా వచ్చేది గింజలో, ఆ గింజ వేస్తే వచ్చే ఏడు బుట్ట మిరప కూడా మండుతది, ఎందుకంటే కారం గుణానిదే పైచేయి. కాబట్టి విత్తనం కోసం పూత విప్పకముందే మొగ్గలకు పలుచని బట్ట సంచి కట్టండి. పిందె పడ్డాక సంచి తీసి, ఆ కాయ తొడిమకు రంగు దారం కట్టి, పూర్తిగా ఎర్రబడేదాకా కూరలోకి తెంపొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. గింజ నీడలో ఆరబెట్టి, బూడిదలో కలిపి దాస్తే మళ్లీ వానాకాలానికి వస్తది.

సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ అవ్వను అడిగి రాసుకుని రండి. కోయలో, గోండిలో, కొలామీలో, లంబాడీలో ఆ రకాన్ని ఏమంటరు, కాయ పైకి చూస్తదా కిందికి వేలాడతదా, ఎన్నేండ్లు బతుకుతది, విత్తనం ఏ ఊరి నుంచి ఎవరు తెచ్చారు. మా ఇంట్లోవి మూడు రకాలు, ఈ పండక్కి పోయి రాసుకొస్త.