జయపురం చెరువు, మన గుడారి సిస్తు

ఈసారి జయపురం గురించి రాస్తున్నాను. రాజస్థాన్ జైపూర్ కాదండి, మన కొరాపుట్ జిల్లా జయపురం. రైల్వే కోడ్‌లో అది జేపీ, ఇది జేవైపీ. తేడా ఒక్క అక్షరమే. కానీ పేరు చెప్తే అందరికీ ఆ ఊరే గుర్తొస్తుంది.

రాయగడలో హీరాఖండ్ ఎక్కితే సొరంగాలు దాటుకుంటూ కొరాపుట్ మీదుగా జయపురం వెళ్తుంది. ఊళ్లో చూడవలసింది జగన్నాథ సాగర్. చుట్టూ కొండలు, మధ్యలో అంత పెద్ద నీళ్లు. గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్లు, చేపల కోసం కూర్చున్నవాళ్లు. ఒడియా, తెలుగు రెండూ వినపడతాయి. కొన్నిచోట్ల గుర్రపుడెక్క కమ్మేసి నీరు కనపడలేదు. చూస్తే బాధ వేసింది.

ఈ రాజుల పాత రాజధాని నందపురం. 17వ శతాబ్దంలో జయపురానికి మార్చారు. 1775లో కంపెనీ సైన్యం ఇక్కడి కోటను పడగొట్టింది. 1803 సనదు ప్రకారం సంస్థానం కంపెనీకి ఏటా 16,000 రూపాయల పేష్కషు కట్టాలి. 1863లో తెల్లదొరల ఆఫీసర్ ఇక్కడే మకాం పెట్టాడు. కానీ మన్యం జ్వరాలకు తట్టుకోలేక 1870లో ఆఫీసును కొరాపుట్ కొండ మీదకు మార్చుకున్నారు. ఇప్పుడు మనం ఫొటో తీసుకునే ఊరు అప్పట్లో దొరలకు భయం పుట్టించిన ఊరన్నమాట.

ఇందులో మనకేమిటి సంబంధం అంటారా? గుణుపురం తాలూకా అంతా జయపురం జమీందారీయే. వంశధార ఒడ్డున మన గుడారి కూడా అందులోదే. ఇక్కడి రైతు కట్టిన సిస్తు చివరికి చేరింది ఆ ఊరి ఖజానాకే.

1931లో విక్రమదేవ వర్మ గారు గద్దె ఎక్కారు. గుణుపురానికి చిన్న రైలు వచ్చింది, విజయనగరం - రాయపూర్ లైను పూర్తయింది కూడా ఆ ఏడాదే. ఆయన ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసిన పండితుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జయపురం ఏటా లక్ష రూపాయలు ఇచ్చింది. వాల్తేరులో సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, మనం మద్రాసు నుంచి విడిపోయాం. 1947లో జయపురంలో కూడా ఆయన పేరిట కాలేజీ వచ్చింది. ఇప్పుడది యూనివర్సిటీ.

రాజుగారి దానాన్ని అందరూ పొగుడుతారు, పొగడవలసిందే. నేను లెక్కలు రాసిన గుమాస్తాను కాబట్టి జమ వైపు కూడా చూస్తాను. ఆ లక్ష ఎక్కడిది? తెలుగు రైతుది, ఒడియా రైతుది, కొండ మీద పోడు కొట్టుకున్న సవరలది, కోందులది. మన పిల్లలు కొందరు విశాఖ వెళ్లి చదువుకున్నారు. ఆ కొండ పిల్లల్లో ఎంతమంది ఆ మెట్లు ఎక్కగలిగారు? ఆ బాకీ ఇంకా తీరలేదని నా అభిప్రాయం.

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అందుకే ఒక మాట చనువుగా చెప్తాను. భాష ఇంట్లో నిలిస్తే నిలుస్తుంది, బడి లేకపోయినా. చరిత్ర అలా కాదు, కాగితం పోతే అది కూడా పోతుంది.

మీ ఇళ్లల్లో అటక మీద జమీందారీ కాలం సిస్తు రసీదులు, భూమి దస్తావేజులు ఉంటే చెదలకు వదిలెయ్యకండి. ఫోన్‌తో ఫొటో తీసి సంఘానికి పంపండి. తెలుగైనా ఒడియా అయినా సరే. చదవడం రాకపోతే నేను, తెలిసిన ఒడియా మిత్రులు కలిసి చదివి పెడతాం. పై కొండల్లో తెలిసినవాళ్లను కూడా అడగండి. వాళ్ల రసీదులు కూడా ఈ లెక్కలోవే.