భారతదేశంలో సొంత కారు బీమా

భారతదేశంలో సొంత కారుకు తీసుకొనే సమగ్ర బీమా పాలసీలో రెండు వేర్వేరు రక్షణలు ఇమిడి ఉంటాయి; వాటిలో ఒకటి చట్టం విధించినది కాగా, రెండవది యజమాని ఇష్టపూర్వకంగా కొనుక్కొనేది. కారు వల్ల ఇతరులకు కలిగే మరణం, గాయాలు, ఆస్తినష్టాలకు పరిహారం చెల్లించే థర్డ్ పార్టీ బీమాను బ్రిటన్ 1930లో తప్పనిసరి చేయగా, భారతదేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో చేరిన అలాంటి నిబంధన 1946 జూలై 1న గాని అమలులోకి రాలేదు. ప్రస్తుతం ఇది 1988 చట్టంలోని 146వ సెక్షను కింద కొనసాగుతున్నది.

యజమాని కారుకే జరిగే నష్టాన్ని, దొంగతనాన్ని భరించే ఓన్ డ్యామేజ్ బీమా చరిత్ర వేరు. 1973లో సాధారణ బీమా జాతీయమై నాలుగు ప్రభుత్వ కంపెనీల చేతికి వచ్చిన తరువాత టారిఫ్ సలహా సంఘం నిర్ణయించిన ధరే అంతటా చెల్లేది కనుక, ఏ కంపెనీ గడప తొక్కినా బేరానికి తావుండేది కాదు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు దారి తెరుచుకొన్నా ధరల కట్టడి 2007 జనవరి 1 వరకు సడలలేదు. నాలుగుచోట్ల ధర అడిగి కొనే అలవాటు నిజానికి అప్పటి నుంచే మొదలైంది.

థర్డ్ పార్టీ ప్రీమియంను మాత్రం ఇప్పటికీ ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం అది 1000 సీసీ వరకు రూ. 2,094, 1500 సీసీ వరకు రూ. 3,416, ఆపైన రూ. 7,897. అందువల్ల కంపెనీల మధ్య తేడా ఓన్ డ్యామేజ్ భాగంలోనే కనిపిస్తుంది. అది కూడా చాలాసార్లు ఐడీవీని, అంటే కారు పోయినప్పుడు చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని, తగ్గించి చూపిన చవకే. తయారీదారు ధర రూ. 8 లక్షలుండి, వయసు రెండేళ్లు దాటి మూడేళ్లకు మించని కారుకు 30 శాతం తరుగు తీసివేస్తే ఐడీవీ రూ. 5.6 లక్షలవుతుంది, దానిని రూ. 5 లక్షలకు దించితే ప్రీమియంలో మిగిలేది స్వల్పం, కారు చోరీ అయితే పోయేది రూ. 60 వేలు.

మరమ్మతుల్లోనూ తరుగు లెక్క ఉంటుంది: అద్దాలకు కోత లేకపోయినా, ప్లాస్టిక్ బంపరు మారిస్తే కంపెనీ సగం ధరే ఇస్తుంది, జీరో డిప్ అనే అదనపు రక్షణ ఉంటే ఈ కోత పడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పటి వంటి సందర్భాల్లో మరొక చిక్కు ఉన్నది. నీట మునిగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజను పాడుచేస్తే, ఇంజను రక్షణను విడిగా కొనని పాలసీలో ఆ ఖర్చును కంపెనీ తోసిపుచ్చే వీలుంది.

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు సుప్రీంకోర్టు ఆదేశంతో మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరైంది. మరుసటి ఏడాది నుంచి ఓన్ డ్యామేజ్ బీమాను వేరే కంపెనీ వద్ద విడిగా కొనే వెసులుబాటు వచ్చింది. కంపెనీ మారినా నో క్లెయిమ్ బోనస్ యజమాని వెంటే వస్తుంది. క్లెయిమ్ లేని తొలి ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరే ఈ తగ్గింపు, గడువు ముగిసిన 90 రోజుల్లోగా పాలసీని పునరుద్ధరించకపోతే రద్దవుతుంది.